తపాలా శాఖ లోటు ఎక్కడ పుడుతోంది, ఏజెన్సీ పోస్టాఫీసులు మూసేస్తే తీరుతుందా

అమ్మా, ఆంధ్రా యూనివర్సిటీలో ఎంకాం ప్రాజెక్టు కోసమని మీరు అడిగిన ప్రశ్న ఇది: తపాలా శాఖ ఏటా వేల కోట్ల లోటులో నడుస్తోంది కదా, పాడేరు, చింతపల్లి, పెదబయలు వైపు రోజుకు నాలుగు ఉత్తరాలు కూడా రాని బ్రాంచి ఆఫీసులు, అంటే పల్లెల్లోని అన్నిటికన్నా చిన్న పోస్టాఫీసులు, మూసేస్తే ఆ లోటు తీరదా? అసలు ఏడాది పొడవునా ఈ శాఖలోకి డబ్బు ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది?

నేను 1984లో విశాఖలో పోస్టల్ అసిస్టెంటుగా చేరాను. కౌంటరు, ట్రెజరీ, అకౌంట్స్ సీటు, ఆ తరవాత ఏజెన్సీలో ఇన్‌స్పెక్టరు, చివర్లో చాలా ఏళ్లు బడ్జెట్ లెక్కలు. 2021లో రిటైరయ్యాను. మీ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు: తీరదు. ఎందుకు తీరదో అంకెలతో చూపించకపోతే అది పాత ఉద్యోగి అభిమానంలా ఉంటుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక పొరపాటు సరిచేద్దాం. 2019లో పత్రికల్లో తపాలా శాఖ బీఎస్ఎన్ఎల్‌నీ ఎయిర్ ఇండియానీ దాటేసి దేశంలోకెల్లా పెద్ద నష్టాల సంస్థ అయిందని వచ్చింది. మీరూ ఆ మాటే ఎత్తుకున్నారు. అవి రెండూ కంపెనీలు. తపాలా కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వంలో ఒక శాఖ. కౌంటర్లో మీరు కవరుకిచ్చిన అయిదు రూపాయలు శాఖ జేబులో పడవు, భారత సంఘటిత నిధికి జమ అవుతాయి. శాఖ ఏదైనా ఖర్చు పెట్టాలంటే పార్లమెంటు గ్రాంటు మంజూరు చెయ్యాలి. వచ్చేదంతా 1201 పద్దులో, నడపడానికయ్యేది 3201 పద్దులో, భవనాలకూ యంత్రాలకూ పెట్టేది 5201 పద్దులో రాస్తారు. 3201కీ 1201కీ మధ్య తేడానే మనం లోటు అంటున్నాం. బడ్జెట్ సీటులో కూర్చున్నవాడికి ఈ మూడు అంకెలు ఇంటి నంబరులాగా నోటికి వచ్చేస్తాయి.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద చిక్కుంది. సంపాదించడానికీ ఖర్చు పెట్టడానికీ ముడి లేదు. నేను పనిచేసిన ఒక డివిజన్లో ఒక ఏడాది స్పీడ్ పోస్టు రాబడి లక్ష్యం దాటి బాగా పైకి పోయింది. పై నుంచి అభినందన ఉత్తరం వచ్చింది. అదే ఏడాది అక్కడొక సబాఫీసులో (బ్రాంచి ఆఫీసుకి పై మెట్టు) జనరేటరు చెడిపోయి, కరెంటు పోయినప్పుడల్లా జనం గంటలకొద్దీ నిలబడేవారు. కొత్తది కావాలని రాస్తే ఆ పద్దులో నిధులు లేవన్నారు. మేం తెచ్చిన డబ్బు మా ముందునుంచే దాటిపోయింది, మాకు కావలసిన డబ్బు ఇంకో తోవలో రావాలి. ప్రైవేటు కొరియరువాడు ఆ నెల లాభంలోంచి ఆ నెలే జనరేటరు కొనుక్కుంటాడు. శాఖ పనితీరు గురించి రాసేటప్పుడు ఈ సంగతి మరిచిపోకండి.

ఇక అంకెలు. 2015-16లో లోటు 6,007 కోట్ల రూపాయలు. 2018-19కి అది సుమారు 15,000 కోట్లకు చేరింది. మూడేళ్లలో రెండున్నర రెట్లు! ఈ పెరుగుదలకు ముఖ్య కారణం ఏజెన్సీ ఆఫీసులు కాదు. ఏడో వేతన సంఘం సిఫారసులు 2016 జనవరి నుంచి అమలయ్యాయి, జీతాలతో పాటు పింఛన్లూ పెరిగాయి. 2018-19లో జీతభత్యాలకు 16,620 కోట్లు, పింఛన్లకు 9,782 కోట్లు అయ్యాయని అప్పట్లో వెలువడిన లెక్క. రెండూ కలిపితే 26,400 కోట్లు. అదే ఏడు శాఖకు వచ్చిన రాబడి 13,000 కోట్ల పైచిలుకు. ఖర్చులో ప్రతి వందలో తొంభైకి మించి మనుషులకే పోయింది. ఇది మనిషి నడిచి ఇంటి గుమ్మం దాకా వెళ్లే పని. యంత్రం పెట్టి తగ్గించగలిగింది సార్టింగులో కొంత ఉంటుంది గాని, చివరి రెండు కిలోమీటర్లలో ఏముంటుంది?

పింఛన్ల అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆదాయపన్ను శాఖలోనో, గణాంక శాఖలోనో రిటైరైన ఉద్యోగికి పింఛను ఆ శాఖ ఖర్చులో కనపడదు. సివిల్ పింఛన్లన్నిటికీ కేంద్ర బడ్జెట్‌లో వేరే పద్దు ఉంది. రైల్వే, రక్షణ, టెలికం, తపాలా పింఛన్లు మాత్రం ఆ పద్దులోకి రావు, ఎవరివి వారి దగ్గరే ఉంటాయి. అందుకే నలభై ఏళ్ల కిందట పని చేసి వెళ్లినవాళ్ల పింఛను కూడా ఈ ఏటి ఉత్తరం మీద పడిన ఖర్చుగా లెక్కకొస్తుంది. నా పింఛనూ అందులోదే. 2018-19 లోటులోంచి ఆ 9,782 కోట్లు పక్కన పెడితే మిగిలేది 5,200 కోట్లకు అటూ ఇటూగా ఉంటుంది. పింఛను ఇవ్వకూడదని నేను అనడం లేదు. ఈ ఏడు పోస్టాఫీసు నడపడానికి ఎంతయిందో తెలియాలంటే ఆ రెండూ విడదీసి రాయాలంటున్నాను. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లు కొత్త పింఛను పథకంలోకి వెళ్లారు కాబట్టి పాత పింఛనుదార్ల భారం ఎప్పటికో తగ్గుతుంది, కానీ దానికింకా చాలా ఏళ్లు పడుతుంది.

రాబడి సంగతికొస్తే చాలామంది తడబడేది సేవింగ్స్ బ్యాంకు దగ్గర. పోస్టాఫీసు పథకాల్లో జనం దాచుకున్న సొమ్ము 10 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. అంత డబ్బు పెట్టుకుని నష్టమేమిటని మా బంధువుల్లోనే ఒకాయన నన్ను నిలదీశాడు. ఆ డబ్బు మాది కాదు. 1999 ఏప్రిల్ నుంచి అది జాతీయ చిన్న పొదుపు నిధికి వెళుతోంది. అక్కడినుంచి ప్రభుత్వాలు అప్పుగా వాడుకుంటాయి. వడ్డీ రేటు నిర్ణయించేది ఆర్థిక శాఖ. పోస్టాఫీసు ఆర్థిక శాఖకు ఏజెంటు మాత్రమే. ఖాతాకు ఇంత, సర్టిఫికెట్టుకు ఇంత అని ఏటా పారితోషికం ఇస్తారు. శాఖ మొత్తం రాబడిలో సగానికి మించి వచ్చేది ఈ ఏజెంటు పని నుంచే. స్టాంపులు, స్పీడ్ పోస్టు, పార్శిళ్లు, మనియార్డర్లు అన్నీ కలిపినా దాని తరవాతే. ఈ మాట చెబితే మా పోస్ట్‌మ్యాన్లు నొచ్చుకుంటారు గాని, పద్దుల ప్రకారం చూస్తే ఈ శాఖ ఉత్తరాలు కూడా పంచే పొదుపు సంస్థ.

తపాలా జీవిత బీమా 1884 నుంచి ఉంది, గ్రామీణ బీమా 1995లో వచ్చింది. వాటి ప్రీమియం కూడా బీమా నిధిలోకే పోతుంది, దాన్ని రాబడి కింద రాయకండి. 2018 సెప్టెంబరు 1న మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు పూర్తిగా ప్రభుత్వ కంపెనీ, దాని పద్దులు వేరు. 2022-23లో అది తొలిసారి 20 కోట్ల లాభం చూపింది. దాన్ని తెచ్చి శాఖ లోటులో కలపడమూ, తీసెయ్యడమూ రెండూ తప్పే.

ఇప్పుడు మీరు మూసేద్దామన్న ఆఫీసుల దగ్గరికి వద్దాం. నాకు చెప్పాలనిపించేది ఎక్కువగా ఇక్కడే ఉంది.

బ్రాంచి ఆఫీసు ఎక్కడబడితే అక్కడ పెట్టరు. దానికి కొలతలున్నాయి. మామూలు పల్లెల్లో అయితే ఆ ఊళ్ల గుంపుకి 3,000 జనాభా ఉండాలి, దగ్గర్లో ఉన్న పోస్టాఫీసుకి కనీసం 3 కిలోమీటర్ల దూరం ఉండాలి, ఆఫీసుకయ్యే ఖర్చులో మూడో వంతు దాని మీద రావాలి. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో ఒక ఊరికి 500 మంది, ఊళ్ల గుంపుకైతే 1,000 మంది ఉంటే చాలు, ఖర్చులో 15 శాతం వస్తే చాలు. అంటే నూరు రూపాయలు ఖర్చయ్యేచోట పదిహేను రూపాయలు వస్తే ఆఫీసు పెట్టవచ్చని ప్రభుత్వమే రాసిపెట్టింది. మిగతా ఎనభై అయిదూ తెలిసి పెట్టుకున్న ఖర్చు. అది ఎవరి అసమర్థత వల్లా వచ్చిన నష్టం కాదు. అనంతగిరి, ముంచంగిపుట్టు వైపు ఆఫీసుల వార్షిక లెక్క తీసినప్పుడు నేను చూసేది నష్టం ఉందా లేదా అని కాదు, ఆ పదిహేను దాటిందా లేదా అని.

అయితే ఆ పదిహేను కూడా నిజమైన అంకె కాదు. ఎందుకో చెబుతాను. ఉత్తరం మీద రాబడి బుక్ చేసిన ఆఫీసుకే జమ అవుతుంది. అందజేసిన ఆఫీసుకు పైసా రాదు. చెన్నైలోనో ముంబైలోనో ఒక పెద్ద బ్యాంకు వేల ఏటీఎం కార్డులు ఒకేసారి స్పీడ్ పోస్టు చేస్తుంది. బిల్లు నెలాఖరుకి అక్కడే కడుతుంది, రాబడి అక్కడి ఆఫీసుదే. ఆ సంచుల్లో ఒకటి రైల్లో విశాఖ స్టేషన్ పక్కనున్న ఆర్ఎంఎస్‌కి (రైల్వే మెయిల్ సర్వీసు) చేరుతుంది. అక్కడ విడదీసి ఏజెన్సీ సబాఫీసుకి కడతారు, బస్సులోనో మెయిల్ వ్యానులోనో ఘాటీ ఎక్కుతుంది, అక్కడినుంచి బ్రాంచి ఆఫీసు సంచిలోకి మారుతుంది. చివరికి ఆ బ్రాంచి ఆఫీసులో పనిచేసే ఒక గ్రామీణ డాక్ సేవకుడు వాగు దాటి, గట్టెక్కి, ఆ కార్డు ఒక కాఫీ రైతు చేతిలో పెట్టి సంతకం తీసుకుంటాడు. ముంబై ఆఫీసు లాభంలో ఉందంటారు, ఈయన ఆఫీసు నష్టంలో ఉందంటారు. ఆధార్ కార్డులదీ అదే కథ. ఈయన నడవకపోతే ముంబైలో ఆ బ్యాంకు తన పనంతా మనకే ఎందుకిస్తుంది? ఏ ఊరికైనా చేరుస్తామన్న మాటనే శాఖ అమ్ముకుంటోంది. ఆ మాట నిలబెట్టేది ఈ చివరి ఆఫీసులే.

సరే, ఇదంతా పక్కన పెట్టి మీరన్నట్టే మూసేద్దాం, ఏజెన్సీవే కాదు, దేశంలోని బ్రాంచి ఆఫీసులన్నీ. నా చేతి లెక్క చూడండి. 2018 నాటికి దేశంలో పోస్టాఫీసులు లక్షా యాభై అయిదు వేలకు దగ్గర. అందులో బ్రాంచి ఆఫీసులు సుమారు లక్షా ముప్పై వేలు. గ్రామీణ డాక్ సేవకులు రెండున్నర లక్షల పైచిలుకు. 2018 జూన్‌లో కమలేశ్ చంద్ర కమిటీ సిఫారసు మీద వాళ్ల భత్యాన్ని పెంచారు. అంతకుముందు మూల భత్యం 2,295 నుంచి 4,115 రూపాయలు ఉండేది, పెంచాక పనిగంటల్ని బట్టి 10,000 నుంచి 14,500. కరువు భత్యం అప్పట్లో తక్కువ కాబట్టి, మనిషికి ఏడాదికి లక్షన్నర వేసుకుందాం. మొత్తం నాలుగు వేల కోట్ల లోపు. 15,000 కోట్ల లోటులో నాలుగో వంతు. దేశంలో పోస్టాఫీసుల్లో ఎక్కువ భాగం తాళం వేసినా మూడొంతుల లోటు అలాగే ఉంటుంది.

పింఛన్లు తీసేసి చూస్తే మిగిలిన 5,200 కోట్లలో అది పెద్ద భాగమే కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ఆఫీసులతో పాటు వాళ్లు తెచ్చే గ్రామీణ బీమా, వాళ్లు తెరిచిన పొదుపు ఖాతాల మీద వచ్చే పారితోషికం, ఇందాక చెప్పిన బ్యాంకు కార్డుల పని, ప్రభుత్వ చెల్లింపుల పని కూడా పోతాయి. ఎంత పోతుందో ఇవాళ్టి పద్దుల విధానంలో విడదీసి చూపించలేం. చూపించలేనిదాన్ని సున్నా అనుకుని ఆఫీసు మూసెయ్యడం లెక్కల మనిషి చెయ్యవలసిన పని కాదు.

భవనం అద్దె మిగులుతుంది కదా అని కూడా రాశారు. బ్రాంచి ఆఫీసుకు శాఖ భవనం ఉండదమ్మా. బ్రాంచి పోస్ట్‌మాస్టరే చోటు చూపించుకోవాలి. నేను తనిఖీకి వెళ్లిన చాలా ఆఫీసులు వాళ్ల ఇంటి వసారాలోనే ఉండేవి. ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె, గోడకి ఎర్రరంగు బోర్డు, పక్కగదిలో పసిపిల్ల ఉయ్యాల. బల్ల మీద తేదీ ముద్ర, సిరాదిమ్మ. పొద్దున్నే సంచి రాగానే ఉయ్యాల ఊపుతూనే జర్నల్ రాసేవాడొకాయన. అంత నిలకడైన చేతిరాత నేను హెడ్డాఫీసులో కూడా చూడలేదు.

ఉపాధి హామీ కూలి డబ్బు పోస్టాఫీసుల ద్వారా ఇవ్వడం మొదలైన రోజుల్లో మన రాష్ట్రమే ఆ పనిలో ముందుంది. అప్పటి దాకా నెలకు కొన్ని వేల రూపాయలు చూసిన బ్రాంచి ఆఫీసుల్లోకి ఒక్కసారిగా లక్షలు వచ్చిపడ్డాయి. సబాఫీసులో సాయంత్రానికి చేతిలో ఉండదగ్గ నగదుకి పరిమితి ఉంటుంది, మించితే ఎందుకు మించిందో ఈసీబీ (అధిక నగదు నిల్వ) మెమో రాయాలి. ఆ రోజుల్లో రోజూ మెమోలే. డబ్బు సంచీతో బస్సెక్కిన మనిషి క్షేమంగా చేరాడని కబురు వచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. వారపు సంత రోజున చెల్లింపు పెట్టుకునేవాళ్లు, అందరూ కొండలు దిగి ఒక్కచోటికి వస్తారు గనక. "బాబూ, నా డబ్బులొచ్చినాయేటి?" అని అడిగే ముసలమ్మల వరస చింతచెట్టు నీడ దాటి ఎండలోకి పోయేది. వేలిముద్ర వేసి, నోట్లు కొంగున ముడేసుకుని, అక్కడే ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని వెళ్లేవారు. ఆ ఏడు ఆ ఆఫీసు వార్షిక పట్టికలో మళ్లీ నష్టమే కనిపించింది. నేనే సంతకం పెట్టాను.

ఇప్పుడు బ్రాంచి పోస్ట్‌మాస్టర్ల చేతుల్లో జర్నల్ బదులు ఫోను ఉంది. 2025 ఆగస్టుకల్లా దేశమంతా కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారింది. వేలు పెడితే ఏ బ్యాంకు ఖాతాలోంచైనా డబ్బు ఇవ్వగలుగుతున్నారు. సిగ్నల్ కోసం గుట్టెక్కే అవస్థ మాత్రం కొన్ని ఊళ్లలో ఇంకా తప్పలేదు. నేను చూసిన ఒక పోస్ట్‌మాస్టరమ్మ రోజూ సాయంత్రం ఊరి పైనున్న రాతిబండ మీద కూర్చుని ఆ రోజు లెక్క పంపేది.

ఏడాది ఎలా తిరుగుతుందో కూడా అడిగారు. మార్చి 31తో మొదలుపెడతాను, ఎందుకంటే మాకు ఉగాది కంటే పెద్ద రోజు అదే. పన్ను మినహాయింపు కోసం ఎన్ఎస్సీ, పీపీఎఫ్ కట్టేవాళ్లతో కౌంటర్లు కిక్కిరిసిపోతాయి. 2015లో సుకన్య సమృద్ధి వచ్చాక ఆడపిల్లల తల్లిదండ్రుల వరస కూడా చేరింది. లోపల బడ్జెట్ సీటులో ఇంకో హడావుడి, మంజూరైన గ్రాంటు ఆ రాత్రి పన్నెండుతో చెల్లిపోతుంది, వాడనిది తిరిగి అప్పగించాలి. ఏడాదంతా లేని నిధులు మార్చి మూడో వారంలో వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. వారంలో టెండరు పిలిచి, పని చేయించి, బిల్లు పాస్ చెయ్యడం ఎవరి వల్ల అవుతుంది? కంప్యూటర్లు రాకముందు ఏప్రిల్ మొదటి వారాలు వడ్డీ వెయ్యడంతోనే గడిచేవి. లెడ్జరు కార్డు కార్డుకీ చేత్తో లెక్కేసి, ఇంకొకరు సరిచూసి, మొత్తం తేలేదాకా ఇంటికి వెళ్లేవాళ్లం కాదు. వన్‌టౌన్‌లో రాత్రి ఆఖరి బస్సు దొరక్క నడిచి వెళ్లిన రోజులున్నాయి. ఇప్పటికీ సిటీ బస్సుల బోర్డు మీద ఓల్డ్ హెడ్ పోస్టాఫీసు అన్న పేరు కనపడితే నాకు ఆ వడ్డీ రాత్రులే గుర్తొస్తాయి.

జూన్, జులైల్లో అడ్మిషన్ల స్పీడ్ పోస్టులు, తరవాత రాఖీ కవర్లు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ ఏటికి సవరించిన అంచనాలూ వచ్చే ఏటికి బడ్జెట్ అంచనాలూ కిందినుంచి పైకి వెళతాయి. 2014లో సరిగ్గా ఆ పనిలో ఉండగానే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పడింది. రేకులెగిరిపోయిన కప్పులు, తడిసిన కంప్యూటర్లు, విరిగిన కిటికీలు, అన్నీ తిరిగి చూసి మరమ్మతుల అంచనాలు మొదటినుంచి రాసుకున్నాం. నవంబరులో పింఛనుదార్ల జీవన ప్రమాణ పత్రాలు. ఒకప్పుడు డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా గ్రీటింగు కార్డుల వరద ఉండేది, సార్టింగు బల్లల కింద కూడా సంచులే. ఆ వరద ఫోన్లు వచ్చాక ఆగిపోయింది. ఇవాళ ఆ బల్లల మీద ఉన్నవి పార్శిళ్లు, బ్యాంకు కవర్లు, కోర్టు నోటీసులు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు.

ధరల సంగతి ఒకటుంది. కార్డుముక్క ధర 50 పైసలు, దాన్ని చేర్చడానికి శాఖకయ్యే ఖర్చు 12 రూపాయల 15 పైసలని 2019లో లెక్క వచ్చింది. కార్డు ధర పెంచమని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. ఆ 12 రూపాయలు సగటు ఖర్చు. కార్డు ఉన్నా లేకపోయినా పోస్ట్‌మ్యాన్ ఆ వీధికి వెళతాడు, అతని జీతం అంతే. ఉత్తరాలు తగ్గేకొద్దీ ఒక్కో ఉత్తరం మీద పడే వాటా పెరుగుతుంది. కార్డు రెండు రూపాయలు చేసినా లోటులో పిసరు కూడా తగ్గదు, ఇంకా రాసే కొద్దిమంది కూడా మానేస్తారు. అదే లెక్కలో పార్శిలు ఖర్చు 89 రూపాయలనీ, అందులో సగమే వసూలవుతోందనీ కూడా ఉంది. చూడవలసింది అక్కడ. కార్డుల పని తగ్గుతోంది, పార్శిళ్ల పని పెరుగుతోంది. పెరిగే పనిని సగం ధరకే మోస్తే ఎంత ఎక్కువ మోస్తే అంత నష్టం. పార్శిలు మీద ఖర్చు తగ్గాలంటే దాన్ని చేత్తో ఆరుసార్లు ఎత్తిదించే పద్ధతి పోవాలి, వానలో తడవకుండా ఉంచే చోటుండాలి. ఒక ప్లాట్‌ఫాం మీద రాత్రంతా వానలో నానిన పార్శిళ్లను పొద్దున్నే నేను చూశాను. ఒక డబ్బాలో ఎవరో తల్లి కొడుక్కి పంపిన సున్నుండలు, అట్టపెట్టెంతా నెయ్యి మరక. ఆవిడకు మనం ఏమని చెబుతాం? పార్శిలు నమ్మకం మీద నడిచే వ్యాపారం. పెట్టుబడి పద్దు 5201లో ఎంత పెడుతున్నారో చూడండి, మొత్తం ఖర్చు పక్కన ఆ అంకె ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది. నా దృష్టిలో శాఖకు అసలు జబ్బు అదే.

మీరు అమెరికాతో పోల్చారు కాబట్టి చిన్న మాట. అక్కడి పోస్టల్ సర్వీసు తనను నడపడానికయ్యే ఖర్చు పన్నుల మీద కాకుండా తన రాబడి మీదే నెట్టుకు రావాలి, అయినా 2024 ఆర్థిక సంవత్సరంలో 950 కోట్ల డాలర్ల నష్టం చూపింది. వాళ్లకీ రిటైరైనవారి ఖర్చే మెడకు చుట్టుకుంది. భవిష్యత్తులో రిటైరయ్యేవారి వైద్యఖర్చు ముందుగానే జమ చెయ్యాలని 2006లో చట్టం పెట్టారు, 2022లో ఆ షరతు ఎత్తేశారు. కాబట్టి అక్కడి అంకెల్ని చూసేటప్పుడు కూడా ఈ ఏటి పని ఖర్చెంత, పాత బాకీ ఎంత అని విడదీసుకోండి. మన లోటును వాళ్ల నష్టం పక్కన నేరుగా పెడితే పోలిక కుదరదు.

2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో లక్షన్నర గ్రామీణ పోస్టాఫీసులనూ 2.4 లక్షల డాక్ సేవకులనూ పల్లె ఆర్థిక వ్యవస్థకు ఆధారంగా మారుస్తామనీ, శాఖను పెద్ద లాజిస్టిక్స్ సంస్థగా చేస్తామనీ ఆర్థికమంత్రి చెప్పారు. మీరు మూసేద్దామన్నవీ ఆ లక్షన్నరలోవే. ఆ మాట నిజం కావాలని మనసారా కోరుకుంటున్నాను. అది జరగాలంటే మూడు పనులు ముందు కావాలని నా అభిప్రాయం. గిరిజన, కొండ ప్రాంతాల ఆఫీసులకయ్యే ఖర్చు ఇంతని బడ్జెట్‌లో విడిగా చూపించి, అది ప్రజాసేవ కింద ప్రభుత్వం ఇస్తున్న సొమ్మని రాయాలి. అందజేసిన ఆఫీసుకు కూడా రాబడిలో వాటా జమ చెయ్యాలి. పింఛను విడిగా పెట్టాలి. ఈ మూడూ కలం పని, కొత్తగా రూపాయి అక్కర్లేదు. అప్పుడు మిగిలే లోటు మేనేజర్లది, దానికి వాళ్లను గట్టిగా అడగవచ్చు.

మీ ప్రాజెక్టు పట్టికలకు ఒక సలహా. కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ గ్రాంటు డిమాండ్లలో తపాలా శాఖ పేజీ తీసి, అయిదేళ్లకు స్థూల ఖర్చు, ఇతర శాఖలనుంచి వచ్చిన రికవరీలు, నికర ఖర్చు మూడూ వేర్వేరు గడుల్లో రాసుకోండి. పత్రికలు స్థూలం ఒకసారి, నికరం ఒకసారి వాడేసి గందరగోళం చేస్తాయి. బడ్జెట్ అంచనాను గాని సవరించిన అంచనాను గాని అసలు ఖర్చనుకోకండి, వాస్తవ అంకెలు రెండేళ్ల వెనకవి దొరుకుతాయి, వాటినే వాడండి. రాబడిలో పొదుపు పారితోషికాన్ని ఒక గడిలో, తపాలా అమ్మకాల్ని ఇంకో గడిలో పెట్టండి. ఆ తరవాత ఒక సంత రోజు చూసుకుని, పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకులో దిగి, ఏదో ఒక బ్రాంచి ఆఫీసు ముందు మధ్యాహ్నం దాకా కూర్చోండి. ఎంతమంది వచ్చారు, ఎందుకు వచ్చారు, ఆ పని అక్కడ లేకపోతే ఎన్ని కిలోమీటర్లు వెళ్లవలసి వచ్చేది అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకోండి. బస్సు చార్జీ, పోయిన కూలి రెండూ కలిపి కూడండి. ఆ మొత్తాన్ని ఆ ఆఫీసు వార్షిక నష్టం పక్కన గడిలో వెయ్యండి. వేశాక అంకెలు నాకు కూడా పంపితే సరిచూసి పెడతాను.